అరుగు మీదుంటే చుట్టం, గడప దాటితే దొంగ: పేగులో బ్యాక్టీరియాతో మన ఒంటి లెక్క

పొలంగట్టు మీద నడుస్తుంటే కాల్లో తుమ్మముల్లు దిగిందనుకోండి. ముల్లు పీకేస్తాం. దాని మొనతో పాటు లోపలికి పోయిన బ్యాక్టీరియా మాత్రం అక్కడే ఉండిపోతుంది. తెల్లారేసరికి ఆ చోటు ఎర్రబడి, వాచి, సలపడం మొదలెడుతుంది. ఇంకో రోజు ఆగితే చీము. కంటికి ఆననంత సరుకు కోసం ఒళ్లు చేసే యుద్ధం అది.

అదే మనిషి పెద్దపేగులో అంతకు కోట్ల రెట్ల బ్యాక్టీరియా చిన్నప్పటి నుంచీ కాపురం చేస్తోంది. 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. దాదాపు అంతా పెద్దపేగులోనే. మొత్తం తూకం వేస్తే 200 గ్రాములు. (మన కణాలకు పదింతల బ్యాక్టీరియా ఉంటుందని ఇప్పటికీ రాస్తుంటారు. అది 1970ల నాటి ఉజ్జాయింపు. మన కణాలు 30 లక్షల కోట్లు. అంటే దాదాపు చెరిసగం.) ఇంత జనాభాకూ మన రక్తానికీ నడుమ ఉన్న గోడ మందం ఒకే ఒక్క కణం. ఆ గోడకు ఇవతల నిలబడ్డది మామూలు కాపలా కాదు. ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే కణాల్లో ఐదింట నాలుగు వంతులు పేగుగోడలోనే ఉంటాయి.

అయినా పొట్ట ముల్లు గుచ్చుకున్న పాదంలా వాయదు. ఎందుకని?

కాలేజీలో మనకు చెప్పిన జవాబు ఇక్కడ పనికిరాదు. రోగనిరోధక వ్యవస్థ తనది ఏది, పరాయిది ఏది అని గుర్తుపడుతుంది, తనదాన్ని వదిలేసి పరాయిదాన్ని కొడుతుంది అని చదువుకున్నాం. తనదాన్ని వదిలేయడం ఎలా నేర్చుకుంటుందో కొంత తేల్చినందుకే బర్నెట్, మెడవార్ అనే శాస్త్రవేత్తలకు 1960లో నోబెల్ వచ్చింది. గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో టి కణాలు (రోగనిరోధక దాడిని నడిపించే ఒక రకం తెల్లకణాలు) తయారవుతున్నప్పుడే, సొంత ప్రోటీన్ల మీద తిరగబడే వాటిని చాలామటుకు అక్కడే ఏరి చంపేస్తారు. బాగుంది. కానీ పేగులో బ్యాక్టీరియా మనది కాదు కదా. ఏ కోణంలో చూసినా పరాయిదే. దాని ఒంటి మీది ప్రోటీన్లు, చక్కెరలు, తోకలు, అన్నీ అలారం మోగించే రకమే. పాఠం ప్రకారమైతే మనం పుట్టిన నెలకే పేగు కుళ్లి చచ్చిపోవాలి.

ఈ సంగతి ఒక మహానుభావుడిని కూడా తప్పుదోవ పట్టించింది. తెల్లకణాలు క్రిములను మింగేస్తాయని కనిపెట్టి 1908లో నోబెల్ పంచుకున్న ఇల్యా మెచ్నికోవ్, పెద్దపేగు అంటే విషపు సంచి అని నమ్మాడు. అక్కడి బ్యాక్టీరియా వల్లే మనం తొందరగా ముసలివాళ్లమవుతున్నామని, పులిసిన పాలు తాగితే ఆ విషం తగ్గుతుందని ప్రచారం చేశాడు. పెరుగు ఆరోగ్యానికి మంచిదన్న ప్రపంచవ్యాప్త నమ్మకంలో ఆయన వాటా పెద్దది. మనకు ఆయన చెప్పకముందే మజ్జిగన్నం ఉంది, అది వేరే సంగతి. పెరుగులోని బ్యాక్టీరియాలో చాలావరకు బాటసారులే. వచ్చి పోతాయి, పేగులో ఇల్లు కట్టుకోవు.

అసలు కిటుకు ఏమిటంటే, పేగు అడిగే ప్రశ్న వేరు. "నువ్వెవరు?" అని అడగడం తక్కువ. "ఎక్కడున్నావు? అక్కడేం చేస్తున్నావు?" అని అడగడం ఎక్కువ. పల్లెటూళ్లో పాత పెంకుటిల్లు గుర్తుతెచ్చుకోండి. వీధి అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చు, మంచినీళ్లు కూడా ఇస్తాం. అదే మనిషి అర్ధరాత్రి పెరటిగోడ దూకి పడకగదిలో కనబడితే కర్ర తీస్తాం. మనిషి మారలేదు, చోటు మారింది. మిగతా కథంతా ఆ అరుగు ఎలా కట్టారు, గడప దగ్గర ఎవరున్నారు, ఇంట్లోవాళ్లకు ఓర్పు ఎవరు నేర్పారు అన్నదే.

జిగురు

గోడ కంటే ముందు జిగురు గురించి చెప్పుకోవాలి. పేగు లోపలి వరసలో గోబ్లెట్ కణాలని, చెంబు ఆకారంలో ఉండేవి, మ్యూసిన్-2 అనే ప్రోటీన్‌ను కక్కుతుంటాయి. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి, బెండకాయ జిగురులా గోడకు పూత పూస్తుంది. ఇది కేవలం మలం జారడానికి వేసిన నూనె అనే చాలాకాలం అనుకున్నారు. 2008లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ బృందం ఎలుక పెద్దపేగును జాగ్రత్తగా చూసి, అక్కడ రెండు పొరలున్నాయని తేల్చింది. పైపొర వదులుగా ఉంటుంది, దాన్నిండా బ్యాక్టీరియా. గోడకు అంటుకున్న లోపలి పొర గట్టిగా, అట్టలు అట్టలుగా ఉంటుంది. ఎలుకలో దాని మందం సుమారు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో బ్యాక్టీరియా ఉండదు. పైపొర అరుగు, లోపలి పొర ఖాళీగా ఉంచిన వసారా.

ఇంత పెద్ద విషయం అన్నేళ్లు ఎందుకు కనపడలేదు? కారణం వింటే నవ్వొస్తుంది. ల్యాబుల్లో కణజాలాన్ని నిలవచేయడానికి మామూలుగా వాడేది ఫార్మలిన్. అందులో వేస్తే నీటితో నిండిన ఈ జిగురు కుంచించుకుపోయి మాయమవుతుంది. నీరు కలవని కార్నాయ్ ద్రావణంలో వేసిన ముక్కల్లోనే పొరలు చెక్కుచెదరకుండా దొరికాయి. తుడిచేసిన ముగ్గు కోసం వెతికినట్టు, తరాల తరబడి చూసినవాళ్లంతా పొర కడిగేసిన పేగునే చూశారు.

మ్యూసిన్-2 జన్యువు లేని ఎలుకల్లో బ్యాక్టీరియా నేరుగా గోడకు ఆనుకుంటుంది, వాటికి పెద్దపేగు వాపు వస్తుంది. అంటే ఓర్పులో మొదటి భాగం దూరమే. కొట్లాట లేకపోవడానికి సగం కారణం, ఇరుపక్షాలూ ఒకరినొకరు తాకకపోవడం.

ఇక్కడ మన కంచానికీ ఒక సంబంధం ఉంది. పెద్దపేగు బ్యాక్టీరియాకు మేత మనం అరిగించుకోలేని పీచు. అది అందకపోతే కొన్ని రకాలు జిగురులోని చక్కెరలనే తినడం మొదలెడతాయి. 2016లో అచ్చం ఇదే పరీక్షించారు. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో మనిషి పేగులో ఉండే 14 రకాలను నాటి, కొన్నిటికి పీచున్న తిండి, కొన్నిటికి పీచు లేని తిండి పెట్టారు. పీచు లేనివాటిలో జిగురుపొర పలచబడింది. తర్వాత రోగకారక క్రిమిని వదిలితే అది వాటి గోడను సులువుగా చేరింది. ఎలుకల ముచ్చటను మనుషులకు యథాతథంగా అంటగట్టలేం. అయినా జొన్నలు, కొర్రలు, తోటకూర కాండాలు పక్కనబెట్టి పాలిష్ బియ్యం మీదే బతుకుతున్న మనకు ఆ బొమ్మ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

చిన్నపేగు సంగతి వేరు. అక్కడ తిండి లోపలికి ఇంకాలి కాబట్టి గట్టి పూత పనికిరాదు. పలచని జిగురుకు మందు కలుపుతారు. గోడ మడతల అడుగున పానెత్ కణాలుంటాయి, ఇవి డిఫెన్సిన్లు, లైసోజైమ్ లాంటి క్రిమిసంహారకాలను వదులుతాయి. గోడ కణాలు రెగ్-3 గామా అనే ప్రోటీన్‌ను చేస్తాయి. ఈ ప్రోటీన్ లేని ఎలుకల్లో గోడకూ బ్యాక్టీరియాకూ మధ్య ఉండాల్సిన సుమారు 50 మైక్రాన్ల ఖాళీ చెరిగిపోతుందని డాలస్‌లోని లోరా హూపర్ బృందం 2011లో చూపింది. పెద్దపేగులో గోడ, చిన్నపేగులో కందకం. ఇక ఆ వరసలోని కణాలు నాలుగైదు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. ఏదైనా క్రిమి కష్టపడి ఓ ఇటుకకు అతుక్కున్నా, ఆ ఇటుకే ఊడి బయటికి పోతుంది.

కొట్టని యాంటీబాడీ

యాంటీబాడీ అనగానే శత్రువును చంపించే ఆయుధం గుర్తొస్తుంది. పేగులో పనిచేసే ఐజీఏ ఆ కోవకు చెందదు. ఒళ్లు దీన్ని రోజుకు కొన్ని గ్రాములు తయారుచేస్తుంది. మిగతా అన్ని రకాల యాంటీబాడీలూ కలిపినా అంత ఉండవు. ఇంత ఖర్చు పెట్టి తయారుచేసి, జంటలు జంటలుగా కట్టి, గోడ కణాల గుండా మోసుకెళ్లి బయట జిగురులో పారబోస్తుంది. శాంతికి ఒళ్లు కట్టే కప్పం ఇదేనేమో.

జిగురులో అది చేసే పని కట్టేయడం. బ్యాక్టీరియాను చుట్టి, గోడకు అతుక్కోకుండా చేస్తుంది. వాపు పుట్టించే సంకేతాలను మాత్రం పెద్దగా రేపదు. సాల్మొనెల్లా మీద 2017లో వచ్చిన ఒక పరిశోధన దీని తీరును చక్కగా పట్టుకుంది. బ్యాక్టీరియా ఒకటి రెండుగా చీలుతుంది కదా, చీలిన పిల్లలు విడిపోకుండా ఐజీఏ కట్టిపడేస్తుంది. అవి గొలుసులుగా, ముద్దలుగా మారి మలంతో వెళ్లిపోతాయి. అన్నిటికీ ఇదే మర్యాద అనుకోకండి. బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అనే పాతకాపు తన ఒంటి పూతను మార్చుకుని మరీ ఐజీఏను తగిలించుకుంటుందని, దాని సాయంతోనే జిగురులో గోడకు దగ్గరగా చోటు సంపాదిస్తుందని 2018లో తేలింది. ఒకరికి బేడీ, ఇంకొకరికి ఇంటిపట్టా.

మరి గోడ అవతలున్న దాని మీద యాంటీబాడీ చేయాలంటే ముందు దాన్ని చూడాలిగా? దానికీ ఏర్పాటుంది. చిన్నపేగులో అక్కడక్కడా చిన్న గుబ్బలుంటాయి. 1677లో స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కొన్‌రాడ్ పేయర్ వర్ణించాడు కాబట్టి వాటికి ఆయన పేరే. ఆ గుబ్బల మీద ఎం కణాలనేవి కావాలనే కొంచెం సరుకును లోపలికి లాగుతాయి. అడుగున డెండ్రైటిక్ కణాలు, అంటే దొరికినదాన్ని టి కణాలకు చూపించే కణాలు, దాన్ని అందుకుంటాయి. ఇక్కడే నాకు బాగా నచ్చిన మలుపు. బతికున్న బ్యాక్టీరియాను మోసుకెళ్లే ఈ డెండ్రైటిక్ కణాలు పేగుకు దగ్గర్లో ఉన్న లింఫ్ గ్రంథుల వరకే వెళ్తాయని, అవి దాటి ఒంట్లోకి పోవని 2004లో మాక్‌ఫర్సన్, ఊర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఊరి తగువు ఊరి రచ్చబండ దగ్గరే తేలాలి, పట్నం కోర్టుకు ఎక్కకూడదు. అందుకే పేగు తన నివాసుల గురించి అంతా తెలుసుకుని ఐజీఏ చేస్తుంటుంది, మిగతా ఒంటికి ఆ గొడవ అంతగా తెలియదు. ఈ చెక్‌పోస్టు దాటి రక్తంలో పడ్డవాటికి కాలేయం రెండో గేటు. పేగు నుంచి వచ్చే రక్తం ముందు అక్కడికే పోతుంది, అక్కడి కణాలు వాటిని పట్టేస్తాయి.

ఐజీఏ పుట్టుకతోనే లేనివాళ్లు కొందరుంటారు. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియకుండా జీవితం గడిచిపోతుంది. ఇంత ఖరీదైన వస్తువు లేకపోయినా ఇల్లు నిలబడిందంటే, ఒక వరస కూలితే ఇంకో వరస మోస్తుందన్నమాట.

చెవిటితనం కాదు

అలారం గంటలు కూడా ఆలోచించే కట్టారు. బ్యాక్టీరియా తోకలో ఉండే ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌ను పసిగట్టే టీఎల్ఆర్-5 అనే గ్రాహకం, పెద్దపేగు గోడ కణాలకు ప్రధానంగా లోపలి వైపున, అంటే రక్తం వైపున ఉంటుంది. తోక బయట ఎంత ఆడినా గంట మోగదు. లోపలికి వచ్చి ఆడితే మోగుతుంది. గంట ఎక్కడ వేలాడదీశారన్నదే ఇక్కడ న్యాయం.

అలాగని గంటలన్నీ పీకేస్తే సుఖంగా ఉంటుందా? 2004లో రస్లాన్ మెజిటోవ్ ల్యాబ్‌లో ఇలాంటి గ్రాహకాల సంకేతాలను లోపలికి చేరవేసే ప్రోటీన్ లేని ఎలుకలను తీసుకుని, పేగుగోడను ఒక రసాయనంతో గాయపరిచారు. పాత లెక్క ప్రకారం బ్యాక్టీరియాను గుర్తుపట్టని ఎలుకలకు వాపు తగ్గాలి. అవి మామూలు ఎలుకల కంటే ఘోరంగా దెబ్బతిన్నాయి. మామూలు రోజుల్లో కూడా గోడ కణాలు బ్యాక్టీరియా అలికిడి వింటూ ఉండాలి. ఆ అలికిడే గోడకు మరమ్మతులు చేయిస్తుంది. పేగు ఓర్పును "పట్టించుకోకపోవడం" అనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రయోగం గుర్తుపెట్టుకుంటే చాలు.

గడప దాటి లోపలికి జారినవాటిని మింగడానికి మాక్రోఫేజ్‌లు ఉంటాయి. మెచ్నికోవ్ కనిపెట్టిన కణాలే ఇవి. ఒంట్లో ఇంకెక్కడైనా మాక్రోఫేజ్ ఒక క్రిమిని మింగితే ఊరంతా లేపుతుంది. పేగులోది మింగుతుంది, చంపుతుంది, నోరు మెదపదు. దాని నోరు కట్టేసేది ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేతం. 1993లో ఈ జన్యువు తీసేసిన ఎలుకలకు పేగువాపు వచ్చింది. అవే ఎలుకలను సూక్ష్మజీవులు ఏమీ లేకుండా పెంచితే రాలేదు. అంటే జబ్బుకు బయటి శత్రువు అక్కర్లేదు, ఇంటి జనాభాయే చాలు, ఓర్పు నేర్పే సంకేతం ఒకటి తప్పితే. ఇది ఎలుకలకే పరిమితం కాలేదు. పుట్టిన కొద్ది నెలలకే భయంకరమైన పేగుపుండ్లతో వచ్చే కొందరు పసివాళ్లలో ఈ సంకేతాన్ని అందుకునే గ్రాహకమే చెడిపోయి ఉందని 2009లో జర్మనీ, బ్రిటన్ వైద్యులు బయటపెట్టారు. వాళ్లలో ఒకరికి రక్తకణాలను పుట్టించే మూలకణాల మార్పిడి చేస్తే జబ్బు తగ్గింది. పేగును ముట్టుకోలేదు, రక్తకణాలను మార్చారు, పేగు మానింది.

ఓర్పు నేర్పే పెద్దలు

2025 వైద్య నోబెల్ వార్తల్లో టి-రెగ్ కణాలన్న మాట చాలామంది వినే ఉంటారు. జపాన్‌కు చెందిన షిమోన్ సకాగుచి 1995లో, తోటి టి కణాలను అదుపులో పెట్టే ప్రత్యేక టి కణాలు ఉన్నాయని చూపించాడు. అప్పట్లో ఈ మాట అంటే శాస్త్రవేత్తలు మొహం తిప్పుకునేవారు, అంతకుముందు ఇలాంటి సిద్ధాంతమొకటి బోల్తాపడి ఉంది మరి. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒక జబ్బు ఎలుకల జాతిలో చెడిపోయిన జన్యువును పట్టుకుని దానికి ఫాక్స్‌పీ3 అని పేరు పెట్టారు. మనుషుల్లో అది చెడితే ఐపెక్స్ అనే అరుదైన జబ్బు వస్తుంది. మగపిల్లలకు వస్తుంది, ఆగని విరేచనాలు, మధుమేహం, చర్మం మీద ఎగ్జిమా. విరేచనాలు సాధారణంగా అన్నిటికంటే ముందు వరసలో ఉంటాయి. ఒంట్లో అదుపు తప్పితే మొదట తగలబడే ఇల్లు పేగే అన్నమాట. ఆ జన్యువే సకాగుచి కణాలకు తాళంచెవి అని తర్వాత రెండేళ్లకు తేలింది.

ఈ కణాల్లో కొన్ని థైమస్‌లోనే తయారై వస్తాయి. పేగుకు ముఖ్యమైనవి ఇంకో రకం. మామూలు టి కణాలుగా వచ్చి, పేగులోని బ్యాక్టీరియాను చూసి, అక్కడే మనసు మార్చుకుని టి-రెగ్‌లుగా మారేవి. విశేషమేమిటంటే ఆ మార్పులో బ్యాక్టీరియాకూ చెయ్యి ఉంది. క్లాస్ట్రిడియా జాతికి చెందిన కొన్ని రకాలను ఎలుకల్లో నాటితే పెద్దపేగులో టి-రెగ్‌లు పెరిగాయని 2011లో జపాన్ శాస్త్రవేత్త కెన్యా హోండా బృందం చూపింది. 2013లో మనిషి మలం నుంచి అలాంటి పని చేసే 17 రకాలను వేరుచేశారు. క్లాస్ట్రిడియా అంటే ధనుర్వాతం గుర్తొచ్చి జడుసుకుంటాం గానీ, ఆ వంశంలో పెద్దమనుషులూ ఉన్నారు. అదే ఏడాది ఇంకో ముడి విడింది. ఈ బ్యాక్టీరియా పీచును పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ అనే ఆమ్లం పుడుతుంది, అది టి కణాల్లో ఫాక్స్‌పీ3 జన్యువును తెరిచి ఉంచడానికి సాయపడుతుంది. పెద్దపేగు గోడ కణాలకు ప్రధానమైన తిండి కూడా అదే. అద్దెకున్నవాళ్లు ఇంటివాళ్లకు అన్నం వండిపెడుతూ, "మామీద కోపం వద్దండీ" అని చెప్పించుకుంటున్నట్టు.

టి కణాలకు ఈ పాఠం చెప్పే గురువు ఎవరన్నది మొన్నమొన్నటిదాకా డెండ్రైటిక్ కణాలే అనుకున్నారు. 2022లో మూడు బృందాలు ఒకేసారి, ఆ గురువులు వేరే తెగ అని, రార్-గామా-టి అనే గుర్తు ఉన్న కణాలని చెప్పాయి. అవి కచ్చితంగా ఏ కణాలన్న దగ్గర మూడింటికీ పూర్తిగా పొసగలేదు. పాఠ్యపుస్తకాలు ఇంకా పాత మాటే చెబుతుంటాయి.

అన్ని బ్యాక్టీరియా ఓర్పే నేర్పదు. దారంలాంటి ఒక జాతి ఎలుక చిన్నపేగు గోడకు నేరుగా అతుక్కుని కూర్చుంటుంది. అది టి-హెచ్17 అనే దూకుడు కణాలను నిద్రలేపుతుందని 2009లో తేలింది. ఆ దూకుడు వల్ల రోగక్రిముల నుంచి కాపాడుకునే శక్తి పెరుగుతుంది. ఎలుక పేగులో ఉండే హెలికోబాక్టర్ హెపాటికస్ అనే బ్యాక్టీరియా కథ ఇంకా విచిత్రం. మామూలు ఎలుకలో అది టి-రెగ్‌లను తయారుచేయిస్తుంది, ఎవరికీ హాని లేదు. ఇంటర్‌ల్యూకిన్-10 లేని ఎలుకలో అదే క్రిమి అదే టి కణాలను వాపు తెచ్చే రౌడీలుగా మారుస్తుంది. దీన్ని మంచి బ్యాక్టీరియా జాబితాలో రాయాలా, చెడ్డ జాబితాలోనా? మందుల షాపులో ప్రోబయాటిక్ పొట్లం మీద "మంచి బ్యాక్టీరియా" అని చూసినప్పుడల్లా నాకు ఈ ఎలుకలు గుర్తొస్తాయి.

ముర్రుపాలు, తలుపు తెరుచుకునే వేళ

ఈ చదువుకు ఒక వయసుంది. ఎలుకపిల్లలు పాలు మాని గింజలు కొరకడం మొదలెట్టినప్పుడు, అంటే రెండు నుంచి నాలుగు వారాల మధ్య, పేగులో బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి, రోగనిరోధక వ్యవస్థ గట్టిగా స్పందిస్తుంది. 2019లో ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ వేళలో యాంటీబయాటిక్ ఇచ్చి ఈ స్పందనను ఆపేశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక పేగువాపుకు, ఎలర్జీకి సులువుగా లొంగిపోయాయి. తర్వాత బ్యాక్టీరియాను తిరిగి ఇచ్చినా తప్పిన పాఠం పూడలేదు. మనిషి పిల్లల్లో ఆ కిటికీ ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో ఇంత కచ్చితంగా గీత గీయలేం.

ఆ వేళ వచ్చేదాకా బిడ్డను కాసేది తల్లిపాలు. అందులో తల్లి పేగుకు పరిచయమున్న బ్యాక్టీరియా మీద తయారైన ఐజీఏ ఉంటుంది. బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కూడా ఉంటాయి. బిడ్డకు అరగనివి పాలల్లో ఎందుకు? అవి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగులో దిగాల్సిన బిఫిడో బ్యాక్టీరియా కోసం. తొలిరోజుల ముర్రుపాలలో ఐజీఏ మరీ చిక్కగా ఉంటుంది. మన వింత చూడండి. గేదె ఈనితే ముర్రుపాలతో బెల్లం, మిరియాలు వేసి జున్ను వండుకుని వీధివీధికీ పంచుతాం. తల్లి ముర్రుపాలను మాత్రం పచ్చగా ఉన్నాయని, అరగవని పిండి పారబోసిన ఇళ్లు ఎన్నో. దూడ నోటిదీ లాక్కున్నాం, బిడ్డ నోటిదీ పారబోశాం.

ఇదే పేగు చదువుకు మన పిల్లల్లో ఇంకో ముఖం ఉంది. నోటి ద్వారా వేసే టీకాలు మన దేశంలో తక్కువ పనిచేస్తాయని వేలూరులో టి. జాకబ్ జాన్ పోలియో చుక్కల మీద 1970ల తొలినాళ్లలోనే చూపారు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ అనే నోటి టీకా పరీక్షల్లో, తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి మొదటి ఏడాది రక్షణ సుమారు 56 శాతం. ధనిక దేశాల్లో ఇలాంటి టీకాలు ఇచ్చే రక్షణ అంతకంటే చాలా ఎక్కువ. దీనికి కారణం ఒకటని చెప్పడం అన్యాయం. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, పోషకాహార లోపం, కలుషిత నీటి వల్ల ఎప్పుడూ కొద్దిగా వాచి ఉండే పేగు, అప్పటికే కిక్కిరిసిన సూక్ష్మజీవులు, అన్నిటి మీదా అనుమానం ఉంది. ఎంతో రద్దీలో పెరిగిన పేగుకు కొత్త చుక్క ఒకటి అంత కొత్తగా కనిపించకపోవచ్చు. అయినా ఇంత భారం ఉన్న దేశంలో 56 శాతం అంటే ఎన్నో ప్రాణాలు. 2016లో ఆ టీకాను మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఒప్పందం చెడితే

ఒక్కోసారి తగువు బయటివాడి వల్ల మొదలై, ఇంటివాళ్ల మధ్య మిగిలిపోతుంది. 2012లో యాస్మిన్ బెల్కాయిద్ బృందం ఎలుకలకు పేగు ఇన్ఫెక్షన్ కలిగించి చూసింది. గోడ దెబ్బతిన్న ఆ కొద్దిరోజుల్లో, రోగక్రిమితో పాటు మామూలు నివాసుల మీద కూడా దూకుడు టి కణాలు పుట్టాయి. ఇన్ఫెక్షన్ పోయింది, ఆ కణాలు మాత్రం జ్ఞాపకంగా మిగిలాయి. ఊళ్లో దొంగ పడ్డ రాత్రి కనపడినవాళ్లందరి పేర్లూ రాసుకున్న పోలీసు డైరీ లాంటిది అది. చాలామందిలో దానివల్ల ఏమీ కాదు. జన్యువుల్లో బలహీనత ఉన్నవాళ్లకు, తర్వాత ఇంకో దెబ్బ తగిలితే?

పేగు ఏళ్ల తరబడి వాచి పుండ్లు పడే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బుల్లో ఏం జరుగుతుందన్నదానికి దగ్గరి బొమ్మ ఇదే. క్రోన్స్‌తో గట్టి సంబంధం ఉన్నట్టు మొదట దొరికిన జన్యువు నాడ్2, 2001లో. అది బ్యాక్టీరియా గోడముక్కలను పసిగట్టే జన్యువు. పసిగట్టడం *తగ్గితే* జబ్బు వస్తోంది. ఇందాకటి మెజిటోవ్ ఎలుకలను గుర్తుతెచ్చుకుంటే ఇది వింతగా అనిపించదు. వైద్యంలో ఒక మందు పనితీరు ఈ కథకు చక్కగా అతుకుతుంది. పేగులో చదువుకున్న టి కణాల మీద, అక్కడ విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం ఒక చిరునామా ముద్ర వేస్తుంది. రక్తంలో ఎంత తిరిగినా ఆ ముద్ర ఉన్న కణం పేగు దగ్గరే దిగుతుంది. 2014లో అనుమతి పొందిన వెడోలిజుమాబ్ ఆ ముద్రను కప్పేస్తుంది. కణం బతికే ఉంటుంది, దిగాల్సిన స్టేషన్ దొరకదు.

మన దగ్గర మాత్రం వైద్యుడు అంతదూరం వెళ్లేముందే ఒక ముడి దగ్గర ఆగిపోతాడు. నెలల తరబడి కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడంతో వచ్చిన మనిషికి కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లు కనిపిస్తాయి. ముక్క తీసి చూస్తే గ్రాన్యులోమాలు, అంటే రోగనిరోధక కణాలు గుమిగూడిన ముద్దలు. క్రోన్స్‌లోనూ ఇలాగే ఉంటుంది, పేగు క్షయలోనూ ఇలాగే ఉంటుంది. క్రోన్స్ అయితే స్టెరాయిడ్లతో రోగనిరోధక వ్యవస్థ నోరు నొక్కాలి. క్షయ అయితే నొక్కడం ప్రమాదం, క్రిమి రెచ్చిపోతుంది. లోపల కొట్లాట జరుగుతోంది, కొడుతున్నది నిజమైన దొంగనా, అరుగు మీద కూర్చున్న పాత చుట్టాన్నా? పేగు రోజూ తేల్చుకునే ప్రశ్నే ఇప్పుడు డాక్టరు బల్ల మీదికి వచ్చింది. పరీక్షల్లో క్షయ క్రిమి దొరికితే సరే. దొరక్కపోతే, ఎటూ తేలకపోతే, చాలాచోట్ల క్షయ మందులే మొదలుపెడతారు. రెండు నెలలయ్యాక మళ్లీ గొట్టం వేసి చూస్తారు. పుండ్లు మానుంటే అది క్షయే, మందులు కోర్సు పూర్తిచేయిస్తారు. మానకపోతే ఫైలు మీద క్షయ అన్న మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టి, క్రోన్స్ అని రాసి, వైద్యం మళ్లీ మొదటి నుంచి మొదలెడతారు.